అమ్మ చేటకు అటుపక్క

మా అమ్మ చేట ఇప్పుడు మా మరదలు సునంద చేతిలో ఉంది. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు మనసు ఒప్పడం లేదు. అమ్మ పోయినప్పుడు నగలు పంచుకుంటుంటే నాకు ఏమీ అనిపించలేదు. గొలుసు తమ్ముడికే వదిలేశాను. పాత చీర ఒకటి చాలని తెచ్చుకున్నాను. చేట సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. మొన్న అమ్మ సంవత్సరీకానికని అనంతపురం నుంచి బయల్దేరి, రాప్తాడు, సోమందేపల్లె దాటి, గోరంట్ల వైపు తిరిగి, మా ఊళ్లో ఆటో దిగేసరికి మా ఇంటి వసారాలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్నారు. వాళ్ల మధ్యలో ఆ చేట. చేట పక్కన, గోడకు ఆనుకుని, మా అమ్మ కూర్చునే చోటే, మా అమ్మలాగే ఒక కాలు మడిచి ఒక కాలు చాపుకుని సునంద. నన్ను చూసి లేవబోయింది. ఆ ఇద్దరి వైపు చూసి ఆగిపోయింది. "వదినా, లోపల కుండలో నీళ్లుండాయి, ముంచుకోని తాగు. ఈళ్లది అయిపోతాండాది" అంది. పుట్టింట్లో నా నీళ్లు నేనే ముంచుకున్నాను. తాగుతుంటే వసారాలో ఎవరో "అచ్చం అత్త మాదిరే కూచుంటాది ఈయమ్మ" అనడం వినపడింది. చెంబులో సగం నీళ్లు అలాగే వదిలేశాను.

చెనిక్కాయ అంటే వేరుశనగ. మా పక్క బతుకంతా దాని మీదే. విత్తనానికి ఉంచుకున్న కాయను ఆ రోజుల్లో చేత్తోనే వలిచేవాళ్లు. గింజ మీదున్న ఎర్రటి పొర చిట్లితే అది మొలవదు. కాయ మూతిని బొటనవేలితో మెత్తగా నొక్కి, టప్పుమన్న చోట విప్పి, గింజను జార్చాలి. ఎండాకాలం చివర్లో, వాన పడేలోపు, ఇంటింటా ఈ వలుపు సాగేది. సరిగ్గా అప్పుడే మా ఊళ్లో తగాదాలు కూడా ముదిరేవి. బావులు అడుగంటేవి, గొడ్లకు మేత ఉండేది కాదు, ఎండకు మనుషుల బుర్రలు కాగిపోయేవి. బిందె ముందు పెట్టిందెవరు, ఎవరి మేక ఎవరి గడ్డివామిలో మూతి పెట్టింది, గట్టు చెక్కిందెవరు, ఇవే గొడవలు. మగవాళ్ల పంచాయితీ రచ్చకట్ట మీద జరిగేది. అక్కడ ఒకరు గెలిచేవారు, ఇంకొకరు తువ్వాలు దులుపుకుని పళ్లు నూరుకుంటూ పోయేవారు. కొన్నాళ్లకు అదే గొడవ మళ్లీ మొదలయ్యేది. ఆడవాళ్లు మాత్రం మా అమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు. పోనుపోను, వాళ్ల వెనకే తలొంచుకుని మొగుళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

వచ్చినవాళ్లను ఏమైందని మా అమ్మ అడిగేది కాదు. గంపెడు కాయలు తెచ్చి ఇద్దరి మధ్య కుమ్మరించి, చేట పెట్టేది. "కూచోండి. ఈ కుప్ప అయిపోయేదాంక తగువు మాట ఎత్తాకండి. ఇంగేమన్నా మాట్లాడుకోండి" అనేది. ఇద్దరి గింజలూ ఒకే చేటలో పడాలి. తనూ పక్కన కూర్చుని వలిచేది. కోపంగా ఉన్న చేయి కాయను మెత్తగా నొక్కలేదు. బలంగా నలిపేస్తుంది, గింజ రెండుగా విడిపోతుంది, పొర లేచిపోతుంది. మా అమ్మ మాట్లాడకుండా ఆ పగిలినవి ఏరి పక్కనున్న గిన్నెలో వేసేది. ఎవరివి పగులుతున్నాయో ఆమెకు తెలుసు, వాళ్లకూ తెలుసు. కాసేపటికి గిన్నెలో పడేవి తగ్గేవి. ఇంకాసేపటికి ఒక్కటీ పడేది కాదు. అప్పుడు "ఇంగ చెప్పండి" అనేది. అక్కడా ఒక మెలిక పెట్టేది. ఎవరి నష్టం వాళ్లు చెప్పుకోకూడదు, ఎదుటి మనిషికి ఏం పోయిందో చెప్పాలి. చాలాసార్లు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. మా నాయన నవ్వేవాడు. "మీ యమ్మ తెలివే తెలివి పాపా. కూలి లేకుండా ఇత్తనాలన్నీ వలిపిచ్చుకుంటాది" అనేవాడు.

పగిలిన గింజలతో ఆ సాయంత్రం మా ఇంట్లో ఊరిబిండి. గింజలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో బరకగా దంచితే వాసన వీధి చివరిదాకా పోయేది. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి అది పెట్టుకుని తింటే అంతకన్నా రుచి నేను ఎరగను. కానీ నాకు ఆ వాసనతో పాటు కడుపు మండేది. ఈ పూట కూడా అమ్మ ఎవరితోనో కూర్చుందన్నమాట, నాతో కాదన్నమాట. ఊళ్లో తగాదా పడ్డ ప్రతి ఆడమనిషినీ చూసి నేను కుళ్లుకునేదాన్ని. వాళ్లు ఏడుస్తూ వచ్చేవాళ్లు, మా అమ్మ గంటల తరబడి వాళ్లకు చెవి ఒగ్గేది. నేను బళ్లో జరిగిన సంగతి చెప్పబోతే "సందేళ చెప్దువులే పాపా" అనేది. సందేళకు ఇంకెవరో వచ్చేవాళ్లు. తగాదా లేని పిల్లగా పుట్టడమే నా తప్పని అనుకునేదాన్ని.

అందరిలోకీ నాకు ఎక్కువ కడుపుమంట ఓబులమ్మ మీద. ఆమెకు మేకల మంద ఉండేది. మంచి వయసు, పెద్ద గొంతు. తోడికోడలు నారాయణమ్మతో ఆమెకు తగువు పడని వారం ఉండేది కాదు. అమ్మ నా చేత ఆమెను అత్తా అని పిలిపించేది. ఆ పిలుపు నాకు మిరపగింజ కొరికినట్టు ఉండేది. ఒకసారి కరువు గట్టిగా ఉన్న ఎండాకాలంలో నాకు జ్వరం వచ్చింది. అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేసి పక్కనే కూర్చుంది. ఆ సుఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతలో వీధిలో కేకలు. ఓబులమ్మ మేకలు నారాయణమ్మ దాచుకున్న చెనిక్కాయ కట్టె వామిని సగానికి తినేశాయట. కాయలు తెంపేశాక మిగిలే ఆ ఎండు మొక్కలే కరువులో ఎద్దులకు ప్రాణం. నారాయణమ్మ చేతిలో కొడవలి ఉందని ఎవరో అరిచారు. అమ్మ లేచింది. తడిగుడ్డ నా చేతికే ఇచ్చి వసారాలోకి పోయింది.

నేను చాప మీద పడుకుని తలుపు సందులోంచి చూశాను. కొడవలి గడపలో పడి ఉంది. ఇద్దరూ కాయలు వలుస్తున్నారు. ఓబులమ్మ భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడుస్తోంది. మా అమ్మ ఒక చేయి ఆమె వీపు మీద వేసింది. ఆ చేయి నాది. కాసేపటి క్రితం నా నుదుటి మీద ఉన్న చేయి. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. టప్, టప్ మని కాయలు విచ్చుకుంటున్న చప్పుడు వింటూ, ఆ ఓబులమ్మ మేకలన్నీ చచ్చిపోవాలని కోరుకున్నాను. పొద్దు వాలేదాకా కూర్చున్నారు వాళ్లు. చివరికి తేలిందేమంటే, వానలు పడేదాకా ఓబులమ్మ రోజూ రాత్రి మందను నారాయణమ్మ చేలో ఆపాలి. పెంటికలు చేనుకు ఎరువవుతాయి, తినేసిన మేతకు ఆ మేకలే బదులు తీరుస్తాయి. ఇద్దరూ కలిసే మా గడప దిగారు. ఆ రోజు పగిలిన గింజలు గిన్నె నిండి పొర్లాయి. అమ్మ ఊరిబిండి నూరి, నాకు గంజిలోకి కొంచెం తెచ్చింది. "ఆ ఓబులమ్మ బిండి నాకొద్దు" అని మూతి తిప్పుకున్నాను. అమ్మ గిన్నె వెనక్కి లాక్కుంది. నా పక్కన కూర్చుని అది తనే తినేసింది.

జ్వరం తగ్గాక నాయన దగ్గర ఏడ్చాను. ఆయన బీడీ నోట్లోంచి తీసి, "మీ యమ్మ కాడ కూచోవాలంటే ఎవురితోనన్నా తగువు పెట్టుకోని రాపో" అన్నాడు. ఆయన ఎకసెక్కంగా అన్న మాట నాకు గొప్ప ఉపాయంగా తోచింది. మరునాడే నారాయణమ్మ కూతురు పద్మను పట్టుకుని, నా పలక నువ్వే పగలగొట్టినావని జుట్టు పట్టుకున్నాను. అదీ నా జుట్టు పట్టుకుంది. ఇద్దరం ఏడుస్తూ అమ్మ ముందుకు వచ్చాం. అమ్మ మామూలుగానే కాయలు కుమ్మరించింది, చేట పెట్టింది, గోడకు ఆనుకుని కూర్చుంది. నా సంతోషం చెప్పనలవి కాదు. అమ్మ చేటకు అటుపక్క కూర్చున్నాను, అమ్మ నన్నే చూస్తోంది, ఎవరూ పిలవరు, ఎక్కడికీ పోదు. మురిపెంగా, ఒక్కొక్క కాయనూ ముద్దు చేస్తున్నట్టు నొక్కి వలిచాను. పద్మ గింజలు పిండి పిండి అవుతున్నాయి. నావి ఒక్కొక్కటీ నిగనిగలాడుతూ రాలుతున్నాయి. అమ్మ చేటలోంచి నా గింజలు నాలుగు అరచేతిలోకి తీసుకుని చూసింది. "నీకు కోపం ల్యాదు పాపా. లేసి పోయి పొయ్యి కాడ సంగటి సూడు" అంది. నన్ను లేపేసి పద్మను దగ్గరికి తీసుకుంది. ఆ పిల్లకు నిజంగానే కోపం వచ్చింది కదా, దాని గింజలు పగులుతున్నాయి కదా. ఆ రోజు సంగటి కెలుకుతూ పద్మ మీద నేను పడ్డ అసూయ ఇంతా అంతా కాదు.

ఇంట్లో అందరూ అమ్మ పద్ధతికి మురిసిపోయారని కాదు. ఒక ఏడు తగాదాలు మరీ ఎక్కువై, విత్తనం చాలా ముందే వలిచేశారు. వాన రాలేదు. వలిచిన గింజ ఎంతకని ఆగుతుంది, ముక్కిపోయింది. నాయన దోసిట్లో గింజలు తీసుకుని వాసన చూసి, "ఊరోళ్ల తగువులకు నా ఇత్తనం కర్చు పెడితివి గదే" అని కేకలేశాడు. "ఇత్తనం ఎవురినన్నా అడిగి తెస్తాం. ఆ తగువు పడినోళ్లు విడిపోయింటే వాళ్లను యాడ తెస్తాం?" అంది అమ్మ. నాయన చేట ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు. అంచు ఒకచోట విరిగింది. అమ్మ దాన్ని తాడుతో కుట్టి, మెంతులూ పాత కాగితాలూ నానబెట్టి రుబ్బి, ఆ గుజ్జుతో చేటంతా అలికి ఎండబెట్టింది. చాలా రోజులు దాని దగ్గరికి పోతే మెంతుల వాసన వచ్చేది. అమ్మా నాయనల తగువు మాత్రం ఏ చేట ముందుకూ రాలేదు. నాయన రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూట తనే వచ్చి పీట వాల్చుకున్నాడు.

ఇప్పుడు మా ఊళ్లో విత్తనం సంచుల్లో వస్తుంది. కాయ వలిచే మర ట్రాక్టరు వెనక తగిలించుకుని ఇంటి ముందుకే వస్తుంది. గుట్ట కింద చేలు కొన్ని మామిడి తోటలయ్యాయి, కొన్నింటిలో సోలారు కరెంటు అద్దాలు పరిచారు. మేకలు తగ్గాయి. తగాదాలు తగ్గలేదు. మాట మాటకూ స్టేషన్‌కు పోతున్నారు, లేకపోతే ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకుని ఊరంతటికీ పంపుతున్నారు. అనంతపురంలో మా అపార్ట్‌మెంటులో కారు పెట్టుకునే చోటు కోసం పక్కింటివాళ్లతో మాకు మాటలు లేవు. లిఫ్టులో ఎదురైతే ఇద్దరం పై అంకెల వైపు చూస్తాం. టీవీలో దేశాలు కొట్టుకుంటాయి. చర్చలకు కూర్చున్నారని వార్త వస్తే నేను ఆత్రంగా ఆ బల్ల చూస్తాను. నీళ్ల సీసాలు, పూలు, చిన్న చిన్న జెండాలు ఉంటాయి. వాళ్ల చేతులకు పని ఏదీ ఉండదు. గంపెడు చెనిక్కాయలు కుమ్మరించండి అని టీవీకి చెబుతాను. మా ఆయన నవ్వుతాడు. ఇన్నేళ్లూ నేను అమ్మ గురించి సభల్లో చెప్పాను, పత్రికల్లో రాశాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ పని మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. చేసేది సునంద. విత్తనానికి అవసరం లేకపోయినా ఏటా రెండు మూటల కాయలు వలవకుండా ఈ పనికే ఉంచుతుందట. అది వినగానే మెచ్చుకోవాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

సంవత్సరీకం అయిన మరునాడు పొద్దున బ్యాగు సర్దుకుంటూ, "సునందా, అమ్మ చేట నేను తీసకపోతా" అన్నాను.

"యాడికి వదినా? దాంతో ఈడ పని ఉండాది" అంది.

"నీకు సంతలో కొత్తది కొనిస్తాలే."

"కొత్తది నువ్వే కొనుక్కో. నువ్వెట్లాగూ గోడకు తగిలిచ్చేదే గదా."

నేను గోడకే తగిలించాలనుకున్నాను. హాల్లో చోటు కూడా చూసుకున్నాను. ఆ మాట సూటిగా తగిలేసరికి గొంతు లేచింది. "అది మా యమ్మది" అన్నాను. "ఆయమ్మకు కడదాంక ముద్ద కలిపి పెట్టింది ఎవురు? పండగకోసారి వచ్చి ఫోటోలు తీసుకోని పోతివి" అంది సునంద. "ఆయమ్మ చోట్లో కూచుంటే నువ్వు మా యమ్మవైపోతావా?" అన్నాను. తమ్ముడు చెప్పులేసుకుని మెల్లగా బయటికి జారుకున్నాడు. చేట చెరో అంచూ పట్టుకుని ఉన్నాం ఇద్దరం. అరవై దాటిన నేనూ, మనవడు ఉన్న ఆమే. వాకిట్లో నలుగురు పోగయ్యారు. తగువులు తీర్చే ఇంట్లో తగువు పడితే చూడటానికి ఎవరికి సరదా ఉండదు?

వాళ్లను తోసుకుని ఓబులమ్మ వచ్చింది. నడుము వంగిపోయింది, చేతిలో కర్ర ఉంది. గొంతు మాత్రం అలాగే ఉంది. "ఏమే, ఈ ఇంట్లో గూడా గొంతులు లేస్తాండాయే! ఇడవండి ఆ చేట. కూచోండి ఇద్దరూ" అంది. సునంద అలవాటు కొద్దీ గోడ వైపు పోబోయింది. ఓబులమ్మ కర్ర అడ్డం పెట్టింది. "ఆడ గాదు. ఈపొద్దు ఆ చోటు నాది. నువ్వు ఇట్ల రా" అని, మా అమ్మ చోట్లో తను చతికిలబడింది. వాకిట్లో ఉన్నవాళ్లలో ఒకామె మూటలోంచి గంపెడు కాయలు తెచ్చి కుమ్మరించి తప్పుకుంది. మిగతావాళ్లను ఓబులమ్మ కర్ర చూపించి పంపించేసింది.

కూర్చున్నాను. పద్మతో కూర్చున్న రోజు తర్వాత అమ్మ చేటకు అటుపక్క నేను కూర్చోవడం అదే. ఇద్దరం తలెత్తకుండా వలిచాం. నా బొటనవేలి కింద కాయ నలిగింది, గింజ రెండుగా విడిపోయింది. ఇంకోటీ అంతే. సునందవీ పగులుతున్నాయి. ఓబులమ్మ వణికే వేళ్లతో వాటిని ఏరి గిన్నెలో వేస్తోంది.  తర్వాత ఓబులమ్మే మాట మొదలుపెట్టింది. "పాపా, నీకు జరమొచ్చిన పొద్దు గుర్తుండాదా? నా మేకలు ఈ నారాయణమ్మోళ్ల వామి తినిండె" అంది. గుర్తుందన్నాను. ఎలా మరిచిపోతాను? "మీ యమ్మ చేతిలో గింజ పగిలింది నేను ఎన్నడూ సూడలా. ఆ పొద్దు సూసినా. ఆయమ్మ కండ్లు తలుపు సందులోనే ఉండె. వలిచిందల్లా పగిలింది. గిన్నెలో మావి సగం, ఆయమ్మవి సగం. నేనే అంటి, లేసి బిడ్డ కాడికి పో వదినా అని. 'నేను లేస్తే మీరిద్దరూ లేస్తారు, ఆ కొడవలి యాడుండాదో సూడు' అనె."

నా చేతిలో కాయ ఆగిపోయింది. ఆ సాయంత్రం నేను వద్దన్న ఊరిబిండి, నా పక్కన కూర్చుని అమ్మ తిన్న ఊరిబిండి, సగం అమ్మదే. సునంద తల వంచుకునే, "నాకెన్నడూ చెప్పల్యా ఆ మాట" అంది. ఆ గొంతులో ఏముందో నాకు వెంటనే తెలిసిపోయింది. అది నాకు బాగా అలవాటైన గొంతు. అమ్మ తనకు చెప్పని సంగతి ఒకటి ఉందని, అది నా గురించని ఆమెకు కుళ్లు. మొదటిసారి ఆమె మీద నాకు కొంచెం ఇష్టం కలిగింది.

మళ్లీ వలవడం మొదలుపెట్టాం. ఎండ వసారా మెట్టు దాకా వచ్చింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. సునంద గింజలు మెల్లగా కుదురుకున్నాయి. గుండ్రంగా, ఎర్రగా చేటలో పడుతున్నాయి. నావి మాత్రం పగులుతూనే ఉన్నాయి. ఆపుదామని మెత్తగా నొక్కినా పగులుతున్నాయి. కుప్ప అయిపోయింది. ఓబులమ్మ గిన్నెలోంచి నా పగిలిన గింజలు నాలుగు అరచేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఈమె కూడా లేచి పొమ్మంటుందేమోనని చిన్నపిల్లలా భయపడ్డాను.

"ఇంగా కోపం ఉండాదా పాపా?" అంది.

"ఉండాది అత్తా" అన్నాను.

"అయితే ఇంగో గంప పోపిచ్చుకుందాం. నాకేం తొందర ల్యా" అంటూ ఓబులమ్మ కర్ర పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, ఒక కాలు చాపుకుంది.